ఓడెక్కే ముందు ఒట్టి కడుపు

వాంతి భయం ఉన్నవారు ప్రయాణానికి ముందు కడుపును ఖాళీగా ఉంచుకోవడం మేలని ఈ పుటలలో నేను ఒకటికి రెండుసార్లు వ్రాసి ఉన్నాను. ఘాటు రోడ్డు మీది బస్సు ప్రయాణాలను మనసులో పెట్టుకొని వ్రాసిన మాట అది. దానిని ఆచరించిన పాఠకులు కొందరు మేలు కలిగిందని ఉత్తరాలు కూడా వ్రాశారు. అయితే అదే సలహాను 2024 జనవరిలో ఒక ఓడ ప్రయాణానికి ముందు నా స్వంత బావగారికి ఇచ్చి, దాని ఫలితాన్ని నడిసముద్రంలో కళ్ళారా చూచినవాడిని నేను. ఆ మాటలో ఒక సవరణ చేయవలసి ఉన్నది. సవరణను ఊరక ప్రకటించడం కంటె, జరిగినది జరిగినట్లు చెబితేనే పాఠకుల ఇండ్లలో దానికి విలువ ఉంటుందని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మా మేనల్లుడు సింగపూర్‌లో ఉద్యోగం. తల్లిదండ్రులను నెల రోజులు ఉంచుకోవాలని పిలిపించుకొని, "మామయ్యా, మీరూ రండి" అని నన్ను కూడా పట్టుపట్టి రప్పించాడు. మా అక్కయ్యకు అరవై ఎనిమిది. బావగారికి డెబ్బది రెండు. సంక్రాంతి వెళ్ళిన వారం, రెండు మూడు రోజులు సెలవు దొరకగా, "ఒక గంట ఓడలో కూర్చుంటే వేరే దేశం, చక్కని ద్వీపం" అంటూ బింటాన్ ప్రయాణం పెట్టాడు. బింటాన్ ఇండోనేషియాకు చెందిన ద్వీపం. సింగపూర్‌కు ఆగ్నేయంగా, సముద్రం మీద సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. విస్తీర్ణంలో సింగపూర్ కంటె పెద్దదే.

గంట ప్రయాణమే గదా అని గోదావరి రేవు దాటినట్లు అనుకోరాదు. ఇది దేశాంతర ప్రయాణం. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. ఇండోనేషియా వీసాను రేవులో దిగిన తరువాత అక్కడే ఇస్తారు. మేము వెళ్ళినప్పుడు మనిషికి 5 లక్షల రుపియాలు చెల్లించాము. అంకెను చూచి బావగారు గుండె పట్టుకున్నారు గాని, మన రూపాయలలో అది రెండున్నర వేల పైచిలుకు మాత్రమే. తిరిగి సింగపూర్‌లో అడుగు పెట్టాలి గనుక, సింగపూర్ వీసా ఒకటి కంటె ఎక్కువసార్లు ప్రవేశించడానికి చెల్లేదో కాదో ముందే చూచుకోవాలి. ఈ పనులన్నీ మేనల్లుడే చక్కబెట్టాడు. వైద్యానికి సంబంధించిన భాగం నాకు అప్పగించాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇడ్లీల డబ్బా

తానా మెరా అనే రేవు సింగపూర్‌కు తూర్పు కొసన, చాంగీ విమానాశ్రయానికి చేరువలో ఉన్నది. ఓడ ఉదయం 8 దాటగానే. గంట ముందే రేవులో ఉండాలి గనుక మేము ఆరున్నరకు ఇల్లు విడిచాము. బావగారు పన్నెండేండ్లుగా మధుమేహానికి ఆధునిక వైద్యం తీసుకుంటున్నారు. ప్రతి ఉదయం టిఫినుకు ముందు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఒకటి. అలవాటు ప్రకారం ఆరు గంటలకే మాత్ర వేసుకున్నారు. మేనకోడలు (మేనల్లుని భార్యను నేను అలాగే పిలుస్తాను) స్టీలు డబ్బాలో ఇడ్లీలు సర్ది, "మామయ్యగారూ, కారులో తినేయండి" అని చేతికి ఇచ్చింది.

ఆ డబ్బాను మూత తీయనీయకుండా సంచిలో పెట్టించినవాడిని నేను. "బావగారూ, సముద్రం మీద ఈశాన్యపు గాలి ఉన్న రోజులివి. తిన్నది నిలవదు. గంటే గదా, దిగిన తరువాత హాయిగా తిందురుగాని. లంఘనం పరమౌషధం" అన్నాను. ఆయన నవ్వి, "వైద్యుడు వద్దన్న తరువాత వాసన చూడడం కూడా తప్పే" అన్నారు. అక్కయ్య మాత్రం ఏదో అనబోయి ఊరుకున్నది. ఆమె ఊరుకోవడం నేను గమనించాను. కారణం మాత్రం అడగలేదు.

ఇక్కడ లెక్క ఒకటి చూడండి. ఇండోనేషియా పడమటి కాలమానం సింగపూర్ కంటె ఒక గంట వెనుక. ఎనిమిది దాటాక బయలుదేరిన ఓడ, గంటసేపు నడిచి, గోడ గడియారంలో మళ్ళీ ఎనిమిది దాటిన సమయానికే అవతలి రేవు చేరుతుంది. కాలం ఆగిపోయినట్లే ఉంటుంది. దానికితోడు వీసాకు ఒక వరుస, పాస్‌పోర్టు ముద్రకు ఒక వరుస, సామానుకు ఒక వరుస. "గంటే గదా" అని నేను అన్నది, మాత్ర వేసుకున్న ఆరు గంటల నుండి లెక్కిస్తే నాలుగు గంటలకు పైమాట. గడియారాన్ని వెనక్కు త్రిప్పవచ్చును. కడుపులో పడిన మాత్ర పనిని ఎవరు వెనక్కు త్రిప్పగలరు?

నడిసముద్రంలో

ఓడ రెండు పడవలను ప్రక్క ప్రక్కన కట్టి పైన మేడ కట్టినట్లు ఉంటుంది. దీనిని కాటమరాన్ అంటారు. మన తూర్పు తీరపు జాలరుల కట్టుమరం అనే తమిళ మాటే ఇంగ్లీషువారి నోట పడి ఇలా అయినది. లోపల చల్లని గది, అద్దాల కిటికీలు, వరుసగా కుర్చీలు. రేవు వదలిన తరువాత కొంతసేపు దాని కదలికే తెలియదు. వందలాది సరుకుల ఓడలు లంగరు వేసుకొని ఉన్న జలసంధిని దాటి, తూర్పున దక్షిణ చైనా సముద్రపు అలలు తగిలే చోటుకు రాగానే పరిస్థితి మారింది. నవంబరు నుండి మార్చి వరకు అక్కడ వీచేది, మన కోస్తాకు వానలు తెచ్చే ఈశాన్య ఋతుపవనమే. ఓడ ముందుకు లేచి క్రిందికి దిగుతూ, అదే సమయంలో ప్రక్కలకు ఒరుగుతూ నడవసాగింది.

ఓడలో వాంతి ఎందుకు వస్తుందో ఇక్కడ చెప్పుకోవాలి. మన లోపలి చెవిలో శరీరపు తూకాన్ని కనిపెట్టే యంత్రం ఉన్నది. ఓడ ఊగుతున్నదని అది మెదడుకు చెబుతుంది. గదిలో కూర్చున్న కన్ను మాత్రం ఎదుటి కుర్చీ కదలడం లేదని చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలు పొసగక మెదడు తికమక పడుతుంది. ఆ తికమక కడుపు మీదికి వస్తుంది. అందుకే దూరాన సముద్రమూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ కూర్చుంటే కన్ను కూడా చెవితో ఏకీభవించి ఉపశమనం కలుగుతుంది. చరకసంహిత చికిత్సాస్థానం ఇరువదవ అధ్యాయంలో ఛర్దిని ఐదు విధాలుగా చెప్పారు. మూడు దోషాల వలన వేరు వేరుగా మూడు, మూడూ కలిసి ఒకటి. ఇక ఐదవది మనసుకు గిట్టని వాసనలు, దృశ్యాలు తగలడం వలన పుట్టేది. ఓడలో ఒకరికి వాంతి కాగానే వరుసలో ఉన్న నలుగురికి ఎందుకు వస్తుందో ఈ ఐదవ విధాన్ని చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. మా వరుసలో అదే జరిగింది.

అక్కయ్యకు, మేనకోడలికి అల్లం ముక్కలు ఇచ్చాను. సైంధవలవణం అద్ది, నిమ్మరసం పిండి ముందురోజు సిద్ధం చేసుకున్నవి. అక్కయ్యకు వెంటనే కుదుటపడింది. బావగారు అంతసేపూ కిటికీలో నుండి సరుకుల ఓడలు లెక్కపెడుతూ ఉన్నవారు, లెక్క ఆపి తల వెనక్కు వాల్చారు. నుదుట చెమట. చల్లని గదిలో చొక్కా వీపుకు అంటుకున్నది. "త్రిప్పుతున్నదా బావగారూ?" అంటే తల ఊపారు. ఆయనకూ అల్లం ముక్క ఇచ్చాను. చప్పరించలేదు, అరచేతిలోనే పెట్టుకున్నారు. మరొకటి ఇచ్చాను. అలా ఎనిమిది, పది నిమిషాలు గడిచిపోయినవి. ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తున్నవి.

అప్పుడు ఆయన కళ్ళు తెరిచి, చాలా మామూలుగా, "ఏమోయ్, రావులపాలెం వంతెన వచ్చిందా?" అన్నారు.

అక్కయ్య నవ్వింది, పరిహాసమనుకొని. నేను నవ్వలేకపోయాను. చేయి పట్టి చూస్తే నాడి సన్నగా, పరుగెత్తినట్లు ఉన్నది. వ్రేళ్ళు వణుకుతున్నవి. ఓడ త్రిప్పట వలన మనిషికి చెమట పడుతుంది, ముఖం పాలిపోతుంది, నోట నీరూరుతుంది. కాని తానెక్కడ ఉన్నదీ మరచిపోడు. ఆయనకు ఒక్కసారి కూడా వాంతి రాలేదన్న సంగతి అప్పుడు తోచింది. ఉదయం ఆరు గంటల మాత్ర తోచింది. సంచిలోని ఇడ్లీల డబ్బా తోచింది. రక్తంలో చక్కెర పడిపోయింది.

చక్కెర చూచే చిన్న యంత్రం వారి వద్ద ఉన్నది. కాని అది పెద్ద సంచిలో ఉన్నది. పెద్ద సంచులకు రేవులోనే చీటీలు కట్టి ఓడ సామానుల గదికి పంపేశారు. అంకె చూచేదాకా ఆగే సమయం కూడా కాదు. ముందు వరుసలో ఒక చైనీయ తల్లి తన బిడ్డకు పండ్లరసం డబ్బా ఇస్తున్నది. మేనల్లుడు లేచి రెండు మాటలు చెప్పగానే ఆమె మరొక డబ్బా తీసి, గొట్టం తానే గుచ్చి ఇచ్చింది. ఆమె భాష నాకు తెలియదు, పేరు అడగనూ లేదు. ఆమె చేతి చురుకు మాత్రం మరువను. బావగారిని నిటారుగా కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా త్రాగించాము. పావుగంట గడిచేసరికి చెమట ఆగింది. అప్పుడు ఇడ్లీల డబ్బా తీయించాను. అలల మధ్య, సగం ఓడ వాంతుల సంచులు పట్టుకొని ఉండగా, ఆయన నాలుగు ఇడ్లీలు మెల్లగా తిన్నారు. ఒక్క మెతుకు తిరిగి రాలేదు.

రేవులో దిగి సామాను చేతికి వచ్చిన తరువాత యంత్రంతో చూస్తే 118. అప్పటికి వరుసలో నిలబడి గంట దాటింది. అక్కయ్య అప్పటిదాకా నాతో మాట్లాడలేదు. సంచి మూత వేస్తూ, "తమ్ముడూ, ఆయన నీ దగ్గరకు వైద్యానికి రాలేదు. షికారుకు వచ్చారు" అన్నది. కారులో ఆమె అనబోయి ఊరుకున్నదేమిటో ఇక అడగనక్కరలేకపోయింది. పన్నెండేండ్లుగా ప్రతి ఉదయం మాత్రకూ టిఫినుకూ మధ్య ఎంత వ్యవధి ఉండాలో చూస్తున్నది ఆమె.

శాస్త్రం చెప్పలేదా?

చెప్పింది. అదే నన్ను ఎక్కువగా బాధించింది. ప్రమేహ చికిత్సలో స్థూలునికీ కృశునికీ ఒకటే దారి కాదని చరకుడు స్పష్టంగా విడదీశాడు. బలిసిన దేహం గలవానికి శోధనం. చిక్కిన దేహం గలవానికి బృంహణం, అనగా పోషణ. మా బావగారు గాలి వీస్తే ఎగిరిపోయేటట్లు ఉండే మనిషి. ఈ భాగాన్ని గురువుగారి ఎదుట కూర్చొని, అర్థం అడిగితే అర్థం, ప్రయోగం అడిగితే ప్రయోగం అప్పజెప్పినవాడిని. నలభై ఏండ్లు వైద్యం చేసి, ఓడ ఎక్కేటప్పటికి సామెత ఒక్కటే జ్ఞాపకం వచ్చింది. పైగా నా మందు కాని మాత్ర మరొకటి ఆయన ఒంటిలో పని చేస్తున్నది. దాని స్వభావం తెలిసికోకుండా ఆహారం గురించి సలహా ఇచ్చే అధికారం నాకు లేదు.

కనుక నేను మునుపు వ్రాసిన దానికి సవరణ ఇది. మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని తీసుకునేవారు ప్రయాణం పేరుతో పూట మానరాదు. ఈ మాత్రలు తిన్నా తినకపోయినా చక్కెరను దించుతూనే ఉంటాయి. ప్రయాణం రోజున భోజనం ఆలస్యమయ్యే పక్షంలో మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ఆ మాత్ర ఇచ్చిన వైద్యునే ముందురోజు అడగాలి. తమంతట తాము మానరాదు, జరపరాదు. నూనె, నెయ్యి, మసాలా లేని కొద్దిపాటి ఆహారం ఓడలో ఎవరికీ హాని చేయదు. ఇడ్లీ మంచిది. పేలాలు మరీ మంచివి. వాంతులలో లాజలను, అనగా వరిపేలాలను, మన పెద్దలు ఊరక వాడలేదు. పేలాలను నీటిలో ఉడికించి పలుచని జావగా ఇచ్చినా సరే, పొడిగా నమిలినా సరే.

చక్కెర పడిపోయినప్పుడు పట్టే చెమటకూ ఓడ త్రిప్పటలో పట్టే చెమటకూ చూపులో భేదం లేదు, నేనే మోసపోయాను. అందుచేత, పై మందులు వాడే మనిషికి ఓడలో చెమట, వణుకు, నీరసం, పొంతన లేని మాట కనిపిస్తే, యంత్రం చేతిలో ఉంటే వెంటనే చూడండి. 70 కంటె తక్కువైతే సందేహం లేదు. యంత్రం లేకపోతే చక్కెర పడిపోయిందనే భావించి ముందు తీపి ఇవ్వండి. అది పొరపాటైనా ఒకపూట చక్కెర కొంచెం పెరుగుతుంది, అంతే. మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి, లేదా ఒక చిన్న డబ్బా పండ్లరసం ఇచ్చి, పావుగంట చూడాలి. తగ్గకపోతే మళ్ళీ అంతే. కుదుటపడగానే అన్నమో ఇడ్లీయో పెట్టాలి. లేకపోతే తిరిగి పడుతుంది. ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి. మాత్రలో వోగ్లిబోస్ గాని, అకార్బోస్ గాని కలిసి ఉంటే పంచదార త్వరగా పని చేయదు. గ్లూకోజు పొడియే కావాలి. కనుక గ్లూకోజు పొట్లం ఒకటి చేతిసంచిలో ఉంచుకోవడం అందరికీ క్షేమం. స్పృహ తప్పిన మనిషి నోట ఏమీ పోయరాదు; ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి ఓడ సిబ్బందిని పిలవాలి. మందులు, యంత్రం, ఇడ్లీల డబ్బా మూడూ చేతిసంచిలోనే ఉండాలి. సామానుల గదిలో ఉన్న ఔషధం ఇంటి అటక మీద ఉన్న ఔషధంతో సమానం.

మధుమేహం లేనివారికి నా పాత మాటలు చాలావరకు నిలుస్తాయి. మధ్య వరుసలలో, క్రింది అంతస్తులో, ఓడ నడిచే దిక్కుకు ముఖం పెట్టి కూర్చోండి. అక్కడ ఊపు తక్కువ. పుస్తకం, సెల్‌ఫోను చూడకండి. అల్లం ముక్క ఓడ కదలకముందే నోట వేసుకోవాలి. త్రిప్పట మొదలైన తరువాత దాని బలం చాలదు. రక్తం పలుచబడడానికి మందులు వాడేవారు అల్లాన్ని వంటలో వాడినంత మాత్రమే వాడాలి. నిమ్మకాయ వాసన, ఏలకి గింజ నోట ఉంచుకోవడం చిన్న ఉపాయాలే గాని పని చేస్తాయి. వాంతి వస్తే సిగ్గుపడి ఆపుకోకండి. ఆపరాని పదమూడు వేగాలలో ఛర్ది ఒకటి. ఇంగ్లీషు వైద్యంలో దీనికి మంచి మాత్రలు ఉన్నవి. అవి నిద్రమత్తు కలిగిస్తాయి; మూత్రం ఆగే ఇబ్బంది ఉన్న వృద్ధులు, కంటిలో ఒత్తిడి ఉన్నవారు అడగకుండా వేసుకోరాదు.

మందుల సంచి గురించి ఒక హెచ్చరిక. పరదేశంలో విరేచనాలు పట్టుకుంటాయేమోనని మనవారు జాతీఫలాది చూర్ణం వెంట తీసుకువెళ్ళడం కద్దు. శాస్త్రోక్తమైన ఆ చూర్ణంలో విజయ, అనగా గంజాయి ఆకు, చేరుతుంది. సింగపూర్, ఇండోనేషియా రెండూ మాదకద్రవ్యాల విషయంలో అతి కఠినమైన శిక్షలు విధించే దేశాలు. అక్కడి సుంకపు అధికారికి గ్రహణీ చికిత్స బోధించే అవకాశం మీకు దొరకదు. విజయ చేరిన ఏ యోగమూ వెంట ఉండరాదు. గసగసాలు కూడా సింగపూర్ సంచిలో వద్దు. పేరు వ్రాయని పొడుల పొట్లాలు వద్దు. వాడే మందులు వాటి అసలు డబ్బాలలో, వైద్యుని చీటీతో ఉంచుకోండి. నా స్వంత చూర్ణాలలో సగం నేను సింగపూర్ విమానం ఎక్కకముందే ఇంటిలో వదలి వెళ్ళాను.

పోకచెట్ల ఊరు

మరునాడు బావగారు నాకంటె ముందు లేచి స్నానం చేసి కూర్చున్నారు. కారులో గంటకు పైగా ప్రయాణించి దక్షిణాన ఉన్న తాంజుంగ్ పినాంగ్ పట్టణానికి వెళ్ళాము. ఇది రియావు దీవుల రాష్ట్రానికి రాజధాని. పినాంగ్ అంటే పోకచెట్టు. తాంజుంగ్ అంటే సముద్రంలోకి పొడుచుకొని వచ్చిన నేల. ఈ ద్వీపంలో 18, 19 శతాబ్దాలలో చైనీయ రైతులు మిరియాలతో పాటు గాంబీర్ అనే మొక్కను విస్తారంగా పెంచారు. దాని ఆకులను ఉడికించి, ఆ రసాన్ని చిక్కబరచి బిళ్ళలు చేసేవారు. మనం చండ్ర చేవ నుండి తీసే కాచుకు అది దాయాది. తాంబూలానికీ, తోళ్ళు ఊనడానికీ వాడేవారు. ఉడికించి పారవేసిన ఆకు మిరియాల పాదులకు ఎరువు. ఏదీ వృథా పోనీయని సేద్యం.

ఊరి ఎదుట, చిన్న మోటారు పడవలో పావుగంట దూరాన, పెన్యెంగాట్ అనే లంక ఉన్నది. రియావు సుల్తానుల కాలపు పసుపుపచ్చని మసీదు అక్కడ ఉన్నది; 1832లో కట్టినది. గోడల సున్నంలో కోడిగ్రుడ్ల తెల్లసొన కలిపారని చెబుతారు. మన పాత మేడల సున్నంలో బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపినట్లే. కొంచెం దూరంలో రాజవైద్యుని ఇల్లు అని చూపే శిథిలమైన గోడలు ఉన్నవి. మిగతావారు మసీదు వద్ద ఉండగా నేను అక్కడ కొంతసేపు నిలబడ్డాను. ఇంటి పైకప్పు లేదు. ఏ గదిలో రోగులను చూచేవాడో, ఏ గదిలో కల్వం ఉండేదో పోల్చుకుందామని చూచాను గాని గోడలు ఏమీ చెప్పలేదు.

తిరిగి పట్టణంలో ఒక బజారు వద్ద జావా స్త్రీ ఒకామె సీసాలు పేర్చుకొని కూర్చొని ఉన్నది. ఆమె అమ్మేది జాము. మనకు జాము అంటే ప్రొద్దులో భాగం. వారికి మూలికల పానీయం. జాము సంప్రదాయాన్ని 2023 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఆమె సీసాల మీద ఏ ముద్రా లేదు. ఒకటి పసుపు, చింతపండు, తాటిబెల్లం వంటి బెల్లం కలిపినది. మరొకటి నానబెట్టిన బియ్యం, కెన్చూర్ అనే దుంప, అల్లం నూరి తీసినది. ఆ దుంప మన చంద్రమూలయే, కచ్చూరాల వాసన ముక్కుకు తగలగానే తెలిసింది. నేను రెండూ రుచి చూచాను. బియ్యపు పానీయం మాత్రం మా గురుపత్ని చేసే కడుగునీళ్ళ కషాయాన్ని జ్ఞాపకం చేసింది.

బావగారు కూడా చేయి చాచారు. ఆమె గ్లాసులో పోయబోయి, ఆయన ముఖం చూచి ఆగి, కారు నడిపే అబ్బాయిని ఏదో అడిగింది. అతడు మేనల్లునికి చెప్పాడు: "పెద్దాయనకు కెన్చింగ్ మానిస్ ఉన్నదా అని అడుగుతున్నది." కెన్చింగ్ అంటే మూత్రం, మానిస్ అంటే తీపి. మధుమేహమనే మన మాటకు అక్షరాలా సరిపోయే మాట! ఉన్నదని చెప్పగానే, బెల్లం కలిపిన సీసాకు మూత పెట్టేసింది. మాత్రలు వేసుకుంటున్నారా, ఉదయం తిన్నారా అని మరి రెండు ప్రశ్నలు వేసింది. గురుకులంలో చదవని ఆ ఇల్లాలు, ఒక్క గ్లాసు పోయడానికి ముందు అడిగిన మూడు ప్రశ్నలలో, మొన్న ఉదయం కారులో నేను ఒక్కటీ అడగలేదు.

తీపి వద్దన్న తరువాత ఆమె చేదు సీసా ఒకటి చూపింది. సంబిలోతో అనే మొక్క రసం. ఆకు చూపించమంటే చూపించింది, మన నేలవేము. మధుమేహానికి నేనూ వాడే మొక్కే గనుక చేయి ముందుకు వెళ్ళింది. కాని చక్కెరను దించే మాత్ర కడుపులో ఉండగా, నిన్ననే అంత జరిగి ఉండగా, దించేది మరొకటి పైన పోయడం ఎందుకు? వద్దని చెప్పాను. ఆమె తల ఊపి, వేడినీళ్ళలో అల్లం, నిమ్మగడ్డి వేసినది ఉత్తది ఇచ్చింది. దానికి డబ్బు తీసుకోలేదు. బావగారు త్రాగి, "నీకంటె ఈవిడ నయమోయ్" అన్నారు. కాదనడానికి నా వద్ద ఏమీ లేదు.

మూడవ నాటి ఉదయం తిరుగు ప్రయాణం. ఈసారి గడియారం ముందుకు దూకుతుంది. బింటాన్‌లో పదకొండుకు ఎక్కితే, సింగపూర్‌లో దిగేటప్పటికి ఒంటిగంట; మధ్యాహ్న భోజనం మీదపడి ఉంటుంది. మాత్ర సంగతి నేను చెప్పలేదు. ముందురోజు రాత్రే మేనల్లుడు బావగారి వైద్యునికి ఊరికి ఫోను చేసి అడిగి, ఆయన చెప్పిన సమయాన్ని కాగితం మీద వ్రాసి పెట్టాడు. ఏడు గంటలకు మాత్ర, వెంటనే టిఫిను. పదిన్నరకు రేవులో అరటిపండు, గుప్పెడు పేలాలు. యంత్రం అక్కయ్య చేతిసంచిలో, అందులోనే గ్లూకోజు పొట్లం. ఎక్కే ముందు చూస్తే 142. సముద్రం ఆ రోజు శాంతించి ఉన్నది. అక్కయ్యకు తప్ప ఎవరికీ అల్లం అవసరం పడలేదు.

ప్రయాణం సగం దాటి ఉంటుంది. దూరాన లంగరు వేసిన సరుకుల ఓడలు మళ్ళీ కనిపించసాగినవి. కళ్ళు మూసుకొని ఉన్న బావగారు ఉన్నట్లుండి నా వైపు తిరిగి, "ఏమోయ్, రావులపాలెం వచ్చింది" అన్నారు.

నా చేయి ఆయన మణికట్టు మీదికి వెళ్ళిపోయింది. నాడి నిదానంగా, నిండుగా ఉన్నది. నుదురు పొడిగా ఉన్నది. ఆయన భుజాలు కదిలేటట్లు నవ్వుతున్నారు. అక్కయ్య నవ్వలేదు. సంచిలో నుండి యంత్రం తీసి, "ఎందుకైనా మంచిది, వ్రేలు ఇవ్వండి" అన్నది.